ఎడమ చెయ్యి ఎత్తినవాళ్ళు

ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన కాగితంలో ఏడు సూచనలూ, రెండు అక్షరదోషాలూ ఉన్నాయి. అమ్మమ్మ ముందు దోషాల పని పట్టింది. ఎర్ర పెన్నుతో చుట్టి, పక్కన సరైన మాట రాసి, ఆ తర్వాత గానీ సూచనల జోలికి పోలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు బడిలో గడిపి, చివరి పదిహేనేళ్ళూ హెడ్మిస్ట్రెస్‌గా వెలిగిన మనిషికి ప్రపంచంలో ప్రతి కాగితమూ దిద్దవలసిన కాగితమే. రిటైరై ఆరేళ్ళయినా ఆ ఎర్ర పెన్ను ఆవిడ చేతిసంచీని వదల్లేదు. కరెంటు బిల్లుకి కూడా మార్కులు వేసే రకం.

కాగితం మనవరాలి పరీక్ష గురించి. మనవరాలికి ఎనిమిదేళ్ళు. అసలు పేరు బడి రిజిస్టరులో భద్రంగా ఉంది గానీ ఇంట్లో మాత్రం ఉడుతే. ముద్ద బుగ్గన పెట్టుకుని అరగంట నానబెడుతుందని రెండేళ్ళప్పుడు పెట్టిన పేరు. అప్పట్లో అందరికీ ముద్దుగా ఉండేది. ఏడాదిగా ఆ ముద్దు కాస్తా పోయింది. మింగితే మంట. తిన్న కాసేపటికి రొమ్ము మధ్యలో మండుతుంది, పుల్లటి నీళ్ళు గొంతు దాకా వస్తాయి, పడుకుంటే దగ్గు. దగ్గుకి మూడు రకాల సీసాలు తాగించారు. దగ్గు ఆ సీసాలన్నిటినీ ఖాళీ చేసి తను మాత్రం పోలేదు.

ఇంట్లో దగ్గితే జాలి పడతారు. బడిలో అలా కాదు. లెక్కల పీరియడులో రెండుసార్లు బయటికి పరిగెత్తేసరికి క్లాసు టీచరు డైరీలో ఒక వాక్యం రాసి పంపింది: ‘ఆటల పీరియడులో రాని నొప్పి లెక్కల పీరియడులోనే ఎందుకు వస్తోందో తల్లిదండ్రులు ఆలోచించగలరు.’ లెక్కల పీరియడు భోజనం తర్వాత వస్తుందని, ఆటల పీరియడు ముందు వస్తుందని ఆ మహాతల్లి ఆలోచించలేదు. ఉడుత తల్లి ఆ వాక్యం చదివి వంటింట్లో నిలబడి ఏడ్చింది. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించే ఉద్యోగం ఆవిడది, రోజంతా ఊరందరికీ చూపు సరిచేసి పంపుతుంది. తన పిల్ల బాధ మాత్రం ఎవరికీ కనిపించడం లేదని ఆవిడ ఏడుపు.

అమ్మమ్మ ఆ వాక్యాన్ని ఒకటికి రెండుసార్లు చదివింది. ఎర్ర పెన్ను మాత్రం తియ్యలేదు. ఎందుకంటే అలాంటి వాక్యాలు తను కనీసం వంద రాసి ఉంటుంది. ‘మూడో పీరియడు జబ్బు’ అని స్టాఫ్‌రూమ్‌లో దానికి పేరు పెట్టిందే ఆవిడ. పొట్ట పట్టుకుని నిలబడ్డ పిల్లల్ని కూర్చోబెట్టడంలో ఆవిడకి సాటి లేదని తోటి టీచర్లే చెప్పుకునేవారు.

డాక్టరు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. సేమ్యా అంత సన్నటి గొట్టాన్ని ముక్కులోంచి అన్ననాళంలోకి దింపి, బుగ్గకి ప్లాస్టరు వేసి, నడుముకి చిన్న పెట్టె కట్టి ఒక రోజంతా ఉంచుతామన్నాడు. కడుపులో యాసిడ్ పైకి వచ్చినప్పుడల్లా ఆ పెట్టె రాసుకుంటుంది. అదే రోగమని తేలితే మందు ఉంది, తగ్గుతుంది. తేలకపోతే వేరేగా ఆలోచిద్దామన్నాడు. ఆ ‘వేరేగా’ అన్న మాట దగ్గర ఆయన చూపు కాగితం మీదికి దిగింది. తల్లికి విషయం అర్థమైంది. పిల్ల నిజం చెబుతోందో, నాటకమాడుతోందో తేలేది ఆ ఒక్క రోజులోనే.

అమ్మమ్మ చెవికి మాత్రం అందులో ఒక్క మాటే స్పష్టంగా వినబడింది, పరీక్ష. వాళ్ళ వంశంలో పరీక్ష తప్పినవాళ్ళు లేరు. ఒక్క తమ్ముడు డ్రైవింగు పరీక్షలో తప్పాడు గానీ ఆ సంగతి ఇంట్లో ఎత్తరు.

మర్నాడే గోడకి టైంటేబులు వెలిసింది. సాయంత్రం అయిదుకి ముక్కు పాఠం, అయిదున్నరకి మింగుడు పాఠం, ఆరింటికి కదలకుండా కూర్చునే పాఠం. ఆస్పత్రి నర్సు సాధన కోసమని ఒక గొట్టం ముక్క ఇచ్చింది. అమ్మమ్మ దాన్ని ముందు బొమ్మ ఎలుగుబంటి ముక్కుకి అంటించింది. ఎలుగుబంటి రెండు రోజులు ఆ గొట్టంతోనే భోజనానికి కూర్చుంది, టీవీ చూసింది. తర్వాత ఉడుత ముక్కు కొసకి తగిలించి, గడ్డం గుండెకి ఆనించమని, స్ట్రాతో గుక్కగుక్కగా నీళ్ళు తాగమని చెప్పింది. గుక్క మింగినప్పుడల్లా గొట్టం తనంతట తనే దిగుతుంది, నీ పని మింగడమే అని వివరించింది. నిజం చెప్పుకోవాలంటే ఆ పాఠాలు చాలా బాగా చెప్పింది. ఆవిడ చెడ్డ టీచరని ఎవరూ అనలేదు, అననక్కర్లేదు కూడా.

ధైర్యం పాఠంలో భాగంగా ఒక కథ కూడా చెప్పింది. వాళ్ళ బడికి ఏటా ఇన్‌స్పెక్టరు వచ్చేవాడు. ఆ రోజుకి బడి కడిగిన ముత్యంలా ఉండేది. పగిలిన కిటికీకి మ్యాపు అడ్డం పెట్టేవారు, కుంటి బెంచీ ఆయాకి అప్పగించేవారు. ఇన్‌స్పెక్టరు క్లాసులోకొచ్చి ప్రశ్న వేస్తే అందరూ చేతులెత్తాలి, ఒక్కరు కూడా తెలియదన్న మొహం పెట్టకూడదు. కాకపోతే లోపల ఒక ఏర్పాటు ఉండేది. జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి ఎత్తాలి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి. టీచరు కుడిచేతుల్లోంచి ఒకరిని లేపేది. ఇన్‌స్పెక్టరు కళ్ళకి క్లాసంతా సరస్వతీ నిలయంలా కనబడేది. పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా దొరకలేదని అమ్మమ్మ చెప్పేటప్పుడు ఆవిడ కళ్ళు మెరిశాయి.

ఉడుత పడీపడీ నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక అడిగింది.

"మరి ఎడమచెయ్యి ఎత్తినవాళ్ళకి తర్వాత చెప్పేదానివా?"

"దేని గురించి?"

"ఆ తెలియని జవాబు. ఇన్‌స్పెక్టరు వెళ్ళిపోయాక."

అమ్మమ్మ నీళ్ళు నమిలింది. "చెప్పేదాన్నే," అంది. తర్వాత ఆరయిందని గుర్తు చేసి కదలకుండా కూర్చునే పాఠంలోకి దించింది.

నాలుగో సూచన దగ్గర అసలు గొడవ మొదలయింది. ఈలోగా ఉపశమనానికని డాక్టరు రాసిచ్చిన, యాసిడ్ తగ్గించే సిరప్పుని పరీక్షకి వారం ముందే ఆపెయ్యాలని అందులో ఉంది. అమ్మమ్మ ఆ వాక్యం పక్కన ఎర్రగా ఒక ప్రశ్నార్థకం పెట్టింది. కూతురు మాత్రం తూచా తప్పకుండా పాటించింది. సీసా తీసి ఫ్రిజ్ మీద పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి షాపుకి పోయింది. అల్లుడు దూరప్రాంతాల బస్సు నడుపుతాడు, వారంలో రెండు రోజులుంటాడు, ఫోనులో అన్నిటికీ సరే అంటాడు. దానికీ సరే అన్నాడు.

బడి మానిపించడంతో మొదటి రెండు రోజులూ ఎలాగో గడిచాయి. మూడో రోజు మధ్యాహ్నం ఉడుత రెండు ముద్దలు తిని, గోడకి ఆనుకుని, మోకాళ్ళు గుండెకి చేర్చుకుని కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే ఇంకా మండుతుందని దానికి తెలుసు. ఊపిరి కూడా లెక్కపెట్టుకుని తీస్తోంది. అమ్మమ్మ ఆ పిల్ల ఎదురుగా కూర్చుని పది నిమిషాలు చూసింది. వేరెవరి పిల్లయినా అయితే గుండె రాయి చేసుకునేదే, చేసుకున్న అనుభవమూ ఉంది. ఇది తన పిల్ల. లేచి, కుర్చీ వేసుకుని ఫ్రిజ్ మీది సీసా దింపింది.

"డాక్టరు వద్దన్నాడు కదా అమ్మమ్మా."

"ఆపాలన్నాడు. సగం ఆపుతున్నాం. పరీక్షకి ఎవరైనా నీరసంగా వెళ్తారా?"

చెంచాలో సగం పోసింది. సగం కాబట్టి సగమే తప్పు అనుకుంది. లెక్కల టీచరుగా మొదలుపెట్టిన మనిషి అలా అనుకోవడం ఆశ్చర్యమే గానీ, అనుకుంది. ఆ రోజు నుంచీ పరీక్ష రోజు పొద్దుటిదాకా, తల్లి కంటపడకుండా రోజూ అర చెంచా. సీసా మళ్ళీ ఫ్రిజ్ మీదికి, కుర్చీ మళ్ళీ దాని చోటికి. పిల్ల మొహం తేటపడింది. ఆ తేటదనం చూసి తల్లి కూడా, మందు ఆపినా పిల్ల బాగానే తట్టుకుంటోందే అని సంతోషించింది.

పరీక్ష రోజు ఉడుత ఆస్పత్రిలో దుమ్ము రేపింది. నర్సు గొట్టం చేతిలోకి తీసుకోగానే గడ్డం గుండెకి ఆనించి, స్ట్రా నోట్లో పెట్టుకుని, గుక్క, గుక్క, గుక్క. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ తల కదపలేదు. నాలుగు నిమిషాల్లో పని అయిపోయింది. పెద్దవాళ్ళు కూడా ఇంత చక్కగా చేయించుకోరని నర్సు మెచ్చుకుంది. అమ్మమ్మ ఆ మెచ్చుకోలుని తన ఖాతాలో వేసుకుని, చూశావా అన్నట్టు కూతురి వైపు చూసింది. కూతురు పిల్ల చెయ్యి పట్టుకుని ఉంది, ఇటు చూడలేదు.

తర్వాత నర్సు పెట్టె చూపించింది. దాని మీద మూడు బటన్లు. తినేటప్పుడు ఒకటి, పడుకునేటప్పుడు ఒకటి, నొప్పి గానీ మంట గానీ దగ్గు గానీ వస్తే ఎర్రది. ఏ బటన్ ఎప్పుడు నొక్కారో, ఏం తిన్నారో రాయడానికి ఒక డైరీ కాగితం ఇచ్చింది. ఇచ్చి, ముఖ్యమైన మాట ఒకటి చెప్పింది. రోజూ ఎలా ఉంటుందో అలాగే ఉండనివ్వండి, ఏం తింటే బాధొస్తుందో అదే తిననివ్వండి, బాధ రావడమే మనకి కావాలి.

అమ్మమ్మ చిరునవ్వు నవ్వి తలూపింది. ఇన్‌స్పెక్టర్లు కూడా అలాగే అనేవారు, నేనొచ్చానని ఏమీ మార్చకండి టీచరుగారూ, రోజూ ఎలా ఉంటుందో అలాగే ఉండనివ్వండి అని. ఆ మాట నమ్మి రోజూలాగే ఉంచిన పక్క ఊరి బడి ఏమయిందో ఆవిడ కళ్ళారా చూసింది.

ఆ రోజు వాళ్ళింట్లో జరిగింది ఏ ఇంట్లోనూ జరిగి ఉండదు. తల్లి సెలవు దొరక్క షాపుకి వెళ్ళింది. ఇల్లు అమ్మమ్మ చేతికొచ్చింది. రోజూ ఉడుత బడి నుంచి వస్తూనే నూనెలో వేయించిన చిప్స్ పొట్లం చింపి, సోఫా మీద బోర్లా పడుకుని, తల కిందికి వేలాడేసి టీవీ చూస్తుంది. ఆ రోజు ఉడకబెట్టిన బంగాళాదుంప, ఉప్పు కారం లేనిది, గంటకి నాలుగు చెంచాల చొప్పున. టీవీ నిటారుగా కూర్చుని. తిన్నాక నెమ్మదిగా నడక. పడుకునేటప్పుడు తలా వీపూ ఎత్తుగా ఉండేలా మూడు దిండ్లు. రోజూ భోజనాల దగ్గర తిను, మింగు అని జరిగే యుద్ధం కూడా లేదు. అమ్మమ్మ గొంతు ఎంత తియ్యగా ఉందంటే, పిల్ల రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

ఎర్ర బటన్ విషయంలో అమ్మమ్మ ముందే ఒక నిర్ణయానికొచ్చింది. ఆ బటన్ నొక్కిన ప్రతిసారీ ఒక తప్పు పడ్డట్టే కదా. పది తప్పులు పడితే డాక్టరు ఏమనుకుంటాడు. అందుకని ఉడుతని పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా చెప్పింది.

"చిన్నచిన్న వాటికి అది నొక్కకు. మరీ తట్టుకోలేకపోతే అప్పుడు చూద్దాం. ఊరికే మండితే ఎడమచెయ్యి ఎత్తు. నాకు తెలుస్తుంది."

"డాక్టరుకి తెలియదుగా?"

"నాకు తెలుస్తుంది కదా."

ఉడుతకి ఆ ఏర్పాటు నచ్చింది. కథలో పిల్లల్లా తను కూడా ఒక జట్టులో చేరినట్టనిపించింది. పదకొండున్నరకి మొదటిసారి ఎడమచెయ్యి లేచింది, మొహం మీద నవ్వుతోనే. అమ్మమ్మ కన్ను గీటింది. పన్నెండుంపావుకి రెండోసారి. ఒంటిగంటకి మూడోసారి, ఈసారి నవ్వు లేదు. అరచెంచా సిరప్పుకీ చప్పిడి దుంపకీ కూడా లొంగని మంట ఏదో ఆ పిల్ల లోపల ఉందని అప్పుడు అమ్మమ్మకి తట్టింది. తట్టినదాన్ని పక్కకి తోసి దిండు సర్దింది. నాలుగోసారి చెయ్యి లేచినప్పుడు కిటికీలోంచి బయటికి చూసింది. ఆవిడకి భయమేసింది. ఏం భయమని అడిగితే చెప్పలేదు గానీ, భయమే.

డైరీ కాగితం మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో నిండింది. ఏం తిన్నది, ఎంత నడిచింది, ఎప్పుడు పడుకుంది, ఒక్క కొట్టివేత లేదు. నొప్పి గడి ఖాళీ. అయితే హాజరు వెయ్యకుండా ఉండలేని చెయ్యి అది. తన సొంత చిన్న నోటుబుక్కు చివరి పేజీలో, ఎవరూ అడక్కుండానే, చెయ్యి లేచినప్పుడల్లా పెన్సిలుతో ఒక గీత, పక్కన టైము. తెల్లారేసరికి ఆ పేజీలో పధ్నాలుగు గీతలున్నాయి.

వారం తర్వాత రిపోర్టు కోసం ముగ్గురూ వెళ్ళారు. ఉడుత కొత్త గౌను వేసుకుంది, అమ్మమ్మ పట్టుబట్టి వేయించింది. డాక్టరు కాగితాలు తిరగేసి, మొదటిసారి కాస్త నవ్వు మొహం పెట్టాడు.

"మంచి వార్త. అంకెలన్నీ హద్దులోనే ఉన్నాయి. నొప్పి బటన్ కూడా ఒక్కసారీ నొక్కలేదు."

అరక్షణం పాటు అమ్మమ్మ ఛాతీ ఉబ్బింది. ఫస్టు క్లాసు వచ్చినట్టే అనుకుంది. ఆ అరక్షణం గురించి తర్వాత ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు.

డాక్టరు చెప్పుకుపోయాడు. యాసిడ్ లేదు కాబట్టి ఆ సిరప్పు ఇక అక్కర్లేదు, ఇవాళే ఆపెయ్యండి. రోజంతా ఒక్కసారీ నొప్పి రాలేదంటే ఇది కడుపులోని జబ్బు కాదు. బడంటే భయమో, ఇంట్లో ఏదైనా ఒత్తిడో ఉండి ఉంటుంది. పిల్లలు కావాలని చేస్తారని తను అనడు గానీ, అలవాటైపోతుంది. ఒక మంచి కౌన్సెలర్ ఉన్నారు, బడికి కూడా ఒక ఉత్తరం రాసిస్తాను. అంటూ ఇంకో కాగితం ముందుకు లాక్కున్నాడు.

తల్లి మొహంలో రక్తం లేదు. ఏడాదిగా పిల్ల తరఫున అందరితో పోట్లాడిన మనిషి ఆవిడ. ఇప్పుడు పిల్ల వైపు తిరిగి చూసింది. ఆ చూపులో ఒక చిన్న అనుమానం ఉంది, అంటే ఏడాదిగా నువ్వు నాతో కూడా, అన్నట్టు. పిల్లకి ఆ చూపు అర్థమైంది. ఎనిమిదేళ్ళు దానికి సరిపడా వయసే.

ఉడుత నెమ్మదిగా ఎడమచెయ్యి ఎత్తింది.

"ఏం పాపా, ఏమైనా అడగాలా?" అన్నాడు డాక్టరు.

పిల్ల తల అడ్డంగా ఊపింది. చెయ్యి దించలేదు. చెయ్యి దించమ్మా అని తల్లి విసుగ్గా అంది. దించలేదు. డాక్టరు వైపు గానీ తల్లి వైపు గానీ చూడటం లేదు, అమ్మమ్మ వైపే చూస్తోంది. నాకు తెలుస్తుంది కదా అన్నది ఆవిడే మరి.

ఆ చెయ్యి అలా గాల్లో ఉండగా అమ్మమ్మకి ఒక సంగతి గుర్తొచ్చింది, లేక ఇన్నేళ్ళూ గుర్తు రానిది గుర్తొచ్చింది. ప్రతి ఏడూ అన్నేసి ఎడమచేతులు లేచేవి. ఒక్క మొహం కూడా జ్ఞాపకం లేదు. కుడిచేతులవాళ్ళ పేర్లు ఇప్పటికీ వరసగా చెప్పగలదు. ఇన్‌స్పెక్టరు టీ తాగి వెళ్ళిపోయాక, హమ్మయ్య అని అందరూ కూర్చునేవారు. ఎడమచెయ్యి ఎత్తినవాళ్ళని పిలిచి, నీకేం తెలియలేదురా అని ఆవిడ ఒక్కరోజు కూడా అడగలేదు. వాళ్ళు అలా ఎత్తీ ఎత్తీ, ఎవరూ అడక్క, పై క్లాసుకి వెళ్ళిపోయారు. ఎక్కడికి వెళ్ళారో ఆవిడకి తెలియదు.

చేతిసంచీ తెరిచి నోటుబుక్కు తీసింది. చివరి పేజీ విప్పి డాక్టరు ముందు పెట్టింది.

"పధ్నాలుగుసార్లు వచ్చింది బాబూ. నేనే నొక్కనివ్వలేదు."

డాక్టరు పేజీ వైపూ ఆవిడ వైపూ మార్చి మార్చి చూశాడు. మిగతాది ఆవిడ ఒక్కొక్కటే చెప్పింది. అర చెంచా సిరప్పు, అయిదు రోజులూ, పరీక్ష నాటి పొద్దున్న కూడా. ఉప్పులేని దుంప. మూడు దిండ్లు. చెబుతున్నంతసేపూ చేతులు కట్టుకుని నిలబడింది. కుర్చీ ఉందన్న సంగతి మర్చిపోయింది. కూతురి వైపు చూసే ధైర్యం చాలలేదు.

డాక్టరు కౌన్సెలర్ పేరు రాస్తున్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో వేశాడు. ఈ రిపోర్టు పనికిరాదు, మళ్ళీ చెయ్యాలి అన్నాడు. అంతే అన్నాడు. నాలుగు తిట్టినా ఆవిడకి బాగుండేది.

బయట బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. కూతురు తగువుకి దిగుతుందేమోనని అమ్మమ్మ సిద్ధపడింది. కూతురు గొంతు పెంచనే లేదు.

"అమ్మా, దాన్ని ఎవరూ నమ్మట్లేదనే కదా ఈ పరీక్ష. ఇందాక నేను కూడా నమ్మలేదు. ఒక్క నిమిషం నమ్మలేదు."

అమ్మమ్మ ఉడుత వైపు తిరిగింది. గొట్టం మళ్ళీ వెయ్యాల్సింది ఆ ముక్కులోకే.

"తప్పు నాది ఉడుతా. పూర్తిగా నాది."

ఉడుత గౌను అంచు వేలికి చుట్టుకుంది.

"ఆ ఎడమచెయ్యి ఎత్తినవాళ్ళకి తర్వాత చెప్పేదానివి కాదు కదూ?"

"లేదు," అంది అమ్మమ్మ.

రెండోసారి పరీక్షకి టైంటేబులు లేదు. సిరప్పు సీసా తల్లి షాపుకి పట్టుకుపోయింది, అలా పట్టుకుపొమ్మన్నది అమ్మమ్మే. ఆ వారం రోజులూ పిల్ల గోడకి ఆనుకుని కూర్చుంటే ఆవిడా పక్కనే గోడకి ఆనుకుని కూర్చుంది. ఇంకేం చెయ్యడానికీ లేదు. వీపు నిమిరితే విసుక్కుంటుంది, వద్దు. మాట్లాడితే మండుతుంది, వద్దు. ఏమీ చెయ్యకుండా పక్కన కూర్చోవడం ఆవిడకి రాని విద్య. ఏడు రోజుల్లో కాస్త అబ్బింది.

ఈసారి గొట్టం వేయించుకోవడంలో ఉడుత దుమ్మేమీ రేపలేదు. ఎలా ఉంటుందో తెలిసిపోయింది కాబట్టి ముందే ఏడ్చింది, గింజుకుంది, వాంతి చేసుకుంది. గొట్టం బయటికొస్తే మళ్ళీ మొదటి నుంచీ వేశారు. నర్సు మెచ్చుకోలేదు. అమ్మమ్మ గది మూల నిలబడి అదంతా చూసింది. బయటికి వెళ్ళమంటే వెళ్ళలేదు. ఇది నా వల్ల అని మనసులో అనుకుంటూ చూసింది, చూపు తిప్పుకోలేదు.

ఇంటికి వెళ్తూ దారిలో చిప్స్ పొట్లం కొన్నారు. తల్లి ఈసారి సెలవు పెట్టింది. ఉడుత రోజూలాగే సోఫా మీద బోర్లా పడుకుని, తల కిందికి వేలాడేసి, పొట్లంలో సగం ఖాళీ చేసింది. గొట్టం బుగ్గ మీదుగా చెవి వెనక్కి పోయి నడుం దగ్గర పెట్టెలో కలుస్తోంది. ఎలుగుబంటి పక్కనే ఉంది, దానికీ గొట్టం ఉంది. అమ్మమ్మ డైరీ కాగితం పట్టుకుని ఎదురుగా కూర్చుంది, దిండు సర్దాలని వేళ్ళు లాగుతున్నా సర్దకుండా.

పావుగంట గడిచింది. ఉడుత ఉలిక్కిపడి లేచి కూర్చుంది. మొహం ముడుచుకుంది. అలవాటు కొద్దీ ఎడమచెయ్యి సగం లేచి, ఆగి, అమ్మమ్మ వైపు చూసింది. అమ్మమ్మ తలూపింది. చెయ్యి కిందికి దిగి ఎర్ర బటన్ నొక్కింది. పెట్టె చిన్నగా కుయ్‌మంది.

అమ్మమ్మ టైము చూసి రాసింది. పదకొండూ నలభై, నొప్పి. రాశాక చెయ్యి ఊరుకోలేదు. సంచీలోంచి ఎర్ర పెన్ను తీసి, దాని పక్కన ఒక రైటు మార్కు వేసింది.

ఉడుత సోఫా దిగివచ్చి, గొట్టం సర్దుకుంటూ, కాగితం మీదికి వంగి చూసింది.

"నొప్పొస్తే రైటా?"

"చెప్పావు కదా. చెబితే రైటు."

పిల్ల ఆ మార్కు వైపు ఇంకాసేపు చూసింది. తర్వాత మళ్ళీ సోఫా ఎక్కి బోర్లా పడుకుని, తల కిందికి వేలాడేసింది. పన్నెండు కాకముందే పెట్టె మరోసారి కుయ్‌మంది. అమ్మమ్మ టైము రాసి, పెన్ను మూత పెట్టకుండా పక్కన ఉంచుకుంది.